దరఖాస్తు కింద సంతకం ఎవరిది?

మా నాన్న ట్రంకుపెట్టెలో ఒక అట్ట ఫైలు ఉంది. నాడా తాడు కట్టి ఉంటుంది. అందులో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజి కార్డు, టైపు కొట్టించిన నకళ్ళు, వాటి మీద ఆకుపచ్చ ఇంకు సంతకాలు, అటూ ఇటూ మడతలు పడి చిరిగిన రెండు కాల్ లెటర్లు, వాడకుండా మిగిలిన ఒక పోస్టల్ ఆర్డరు ఉన్నాయి. కార్డు మీద మూడేళ్ళకోసారి రెన్యువల్ ముద్ర పడింది. 1983 నుంచి మొదలుపెట్టి వరసగా ఐదు ముద్రలు. ఆ తర్వాత లేవు. అప్పటికి నాన్నకు వయసు దాటిపోయింది. గుణదల కొండ కింద నుంచి ఆటోనగర్‌కి సైకిలు మీద పోయి, లారీ బాడీ షెడ్డులో హెల్పరుగా జీవితం గడిపాడు.

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. రిజర్వేషన్ల మీద పుస్తకాలు చాలానే చదివాను. శాతాలు, జీవోలు, తీర్పులు, రోస్టరు పాయింట్లు అన్నీ ఉంటాయి వాటిల్లో. కానీ మా నాన్న ఫైలు గురించి ఎక్కడా కనపడలేదు. చట్టం ఇచ్చిన శాతానికీ, చేతికొచ్చిన ఉద్యోగానికీ మధ్యలో రెండు గడపలున్నాయి. ఒకటి దరఖాస్తు, రెండోది ఇంటర్వ్యూ. ఈ రెండు గడపల దగ్గరా అసలు అడిగేది నీకేం తెలుసని కాదు, నీ వెనక ఎవరున్నారని. వంద నూటయాభై ఏళ్ళుగా ఈ ప్రశ్న రూపం మార్చుకుంటూ వచ్చిందే తప్ప పోలేదు. కృష్ణా డెల్టా అనుభవం నుంచి ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మన జిల్లాలో సర్కారు కొలువుకి తొలి దారి బందరు నుంచి పడింది. 1843లో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ అక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. పెద్దకులాల పిల్లలు రావాలంటే మాల మాదిగ పిల్లలు ఉండకూడదని లెక్కేసుకుని, మనవాళ్ళకి తలుపు మూసేశాడు. క్రీస్తు పేరున పెట్టిన బడి సంగతి ఇది. అందులో చదివినవాళ్ళు కచేరీల్లో గుమాస్తాలయ్యారు, తాసీల్దార్లయ్యారు, మున్సబులయ్యారు. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య బాప్తిస్మం పుచ్చుకున్న తర్వాత మాలపల్లెలు మిషన్ వైపు కదిలాయి. అప్పటికే కచేరీ కుర్చీలు నిండిపోవడం మొదలైంది. మనకి దక్కింది అక్షరం, వాళ్ళకి దక్కింది కుర్చీ. ఈ తేడా ఆనాడే పడింది.

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని ప్రకటించుకున్నది అక్కడే. ఆ రోజుల్లో దుర్గగుడి మూసేశారని చరిత్రకారులు రాశారు. అదే సంవత్సరం అంబేద్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరాడు. నౌకర్లు ఫైళ్ళు బల్ల మీదకి విసిరేవాళ్ళు. ఉండటానికి ఇల్లు దొరక్క, పార్సీ సత్రంలో కొద్దిరోజులు తలదాచుకుని, అక్కణ్ణుంచి కూడా గెంటించుకుని బొంబాయి తిరిగొచ్చాడు. ఆయన దరఖాస్తుకి ఏం తక్కువైంది? ఆ రోజున బరోడాలో ఆయనంత చదువుకున్నవాళ్ళు ఎందరున్నారు? అర్హత సంపాదిస్తే గౌరవం దానంతటదే వస్తుందనే వాళ్ళకి బరోడా చాలు. ఇక బెజవాడ సభ ఇచ్చిన పేరు సంగతి. ఇవాళ్టికీ షెడ్యూల్డ్ కులాల జాబితాలో ‘ఆది ఆంధ్ర’ ఉంది. మా నాన్న దరఖాస్తుల్లో కులం గడిలో ఉన్నది ఆ మాటే. ఒక సభలో తలెత్తుకుని పెట్టుకున్న పేరు చివరికి దరఖాస్తులో ఒక గడి అయింది. దీన్ని తక్కువగా చూడనక్కర్లేదు. లేకపోతే ఆ గడిలో ఇంకేం రాయాల్సొచ్చేదో ఊహించుకోవచ్చు.

మద్రాసు ప్రభుత్వం 1920ల్లో తెచ్చిన కమ్యూనల్ జీవోల ప్రకారం, 1927 నాటి లెక్కలో ప్రతి 12 నియామకాల్లో ఒకటి అణగారిన వర్గాలకి. 1947లో దాన్ని 14లో రెండు చేశారు. కేంద్రంలో మాత్రం 1934 ఉత్తర్వులు అణగారిన వర్గాలకి వేరే శాతం ఇవ్వలేదు. కారణం, చదువుకున్నవాళ్ళు తగినంతమంది లేరట. ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అనే మాట అంత పాతది. 1942లో అంబేద్కర్ వైస్రాయికి మెమొరాండం ఇచ్చాడు. 1943 ఆగస్టులో ఎనిమిదీ మూడో వంతు శాతం, అంటే 8.33 శాతం ప్రకటించారు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అదే ఉత్తర్వులో వయోపరిమితి మూడేళ్ళు పెంచడం, పరీక్ష ఫీజు నాలుగో వంతుకి తగ్గించడం కూడా ఉన్నాయి. దరఖాస్తు పెట్టడానికే డబ్బూ కాలమూ చాలనివాళ్ళుంటారని తెలిసిన మనిషి అడిగితే వచ్చిన ఉత్తర్వు అది. నాన్న ఫైల్లో మిగిలిపోయిన ఆ పోస్టల్ ఆర్డరుని చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగో వంతు గుర్తొస్తది.

ఇప్పుడు గుణదల సంగతికి వస్తాను. కొండ మీద లూర్దు మాత విగ్రహం పెట్టింది 1924లో. సెయింట్ జోసఫ్ అనాథాశ్రమం చూసుకునే ఇటలీ ఫాదర్ అర్లాటి పెట్టించాడు. ఫిబ్రవరి 11 తిరునాళ్ళకి వచ్చే లక్షల జనానికి కొండ తెలుసు, మాత తెలుసు. కింద పేటలో ఉన్నవాళ్ళకి ఇంకొకటి కూడా తెలుసు. అది చీటీ. మా తాత చెప్పేవాడు, రైల్వేలో కళాసీగా పోవాలన్నా, ఆస్పత్రిలో వార్డుబాయిగా పోవాలన్నా ఫాదర్ గారి చీటీ ఉంటే మేస్త్రీ కాస్త తలెత్తి చూసేవాడంట. ఆ చీటీ ఇంగ్లీషులో ఉండేది. పట్టుకుపోయేవాడికి చదవడం రాదు. “ఏం రాసుండేది తాతా?” అని అడిగితే, “మంచోడు, మాట వింటాడు అని రాస్తారంటరా” అన్నాడు. పని వచ్చునని కాదు, మాట వింటాడని. ఇంతకుముందు ఊళ్ళో కామందు ఇచ్చిన పూచీ స్థానంలో ఇప్పుడు ఫాదర్ పూచీ వచ్చింది. మేలు జరగలేదని అనను. ఆ చీటీలతో కొన్ని ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. కానీ మనిషికి సొంత సంతకం లేదు, ఎవరో ఒకరు అతని తరఫున సంతకం పెట్టాలి అనే పద్ధతి కొనసాగింది. పైగా ఫాదర్‌కి దగ్గరైన ఇళ్ళకి దొరికినంత తేలిగ్గా మిగతావాళ్ళకి చీటీ దొరకలేదని మా పేటలో మాదిగ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ అంటారు. 1994లో దండోరా మొదలైనప్పుడు ఈ పాత లెక్కలు కూడా బయటికొచ్చాయి. వాటిని దాచి చరిత్ర రాయకూడదు.

1950 తర్వాత చీటీ పోయి సర్టిఫికెట్ వచ్చింది. దాంతోపాటే మతం గడి వచ్చింది. ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాదు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970లో బీసీ జాబితా వేసినప్పుడు, షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్ళని, వాళ్ళ సంతానాన్ని బీసీ-సి అని పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 1977లో 341 నంబరు జీవో స్కాలర్‌షిప్పుల్లాంటి రాయితీలు ఎస్సీలతో సమానంగా ఇచ్చింది గానీ ఉద్యోగాల్లో వాటా ఇవ్వలేదు. అంటే పిల్లవాడు చదువుకునేదాకా ఒక లెక్క, దరఖాస్తు పెట్టిన రోజున ఇంకో లెక్క.

ఈ గడి మా ఇంటిని రెండు ముక్కలు చేసింది. అన్నయ్య సర్టిఫికెట్లో హిందూ, ఆది ఆంధ్ర. అక్కని బడిలో చేర్పించిన రోజున నాన్న పనికి పోయాడు, అమ్మ వెళ్ళింది, మాస్టారు మతం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కది బీసీ-సి. ఒకే తల్లి పాలు, ఒకే పేట, ఒకే అవమానం, దరఖాస్తులో మాత్రం ఇద్దరూ వేరు. అన్నయ్య తిరునాళ్ళ రోజు కొండ మీదకి పగలు ఎక్కడు. ఎవరైనా చూసి ఆకాశరామన్న ఉత్తరం రాస్తారని భయం. చీకటి పడ్డాక ఎక్కి కొవ్వొత్తి వెలిగించి దిగొస్తాడు. విశ్వాసం పగలుండకూడదు, కులం రాత్రయినా పోకూడదు! 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం కుదరదంది. ఆమె కోరింది అప్పర్ డివిజన్ క్లర్కు ఉద్యోగం. కోర్టు ఆమె విశ్వాసాన్ని తూచింది. ఆమె చర్చికి పోతే పేట మారిందా, బంధువులు మారారా, పెళ్ళి సంబంధాలు మారాయా అన్నది తూచలేదు.

ఆకుపచ్చ సంతకాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇంటర్వ్యూ మొదలయ్యేది బోర్డు ముందు కాదు, అక్కడ. ప్రతి నకలు మీదా గజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ కావాలి. ‘అభ్యర్థిని నేను ఫలానా ఇన్నేళ్ళుగా ఎరుగుదును’ అంటూ కాండక్ట్ సర్టిఫికెట్ కావాలి. మా పేటలో ఏ ఇంటివాడు ఏ గజిటెడ్ ఆఫీసర్ని ఎరుగును? నాన్న పొద్దున్నే ఆరింటికి సూర్యారావుపేట పోయి, ఒకాఫీసరు ఇంటి గేటు దగ్గర నిలబడేవాడు. పేపరు చదవడం అయ్యాక పిలిచేవాళ్ళు. మార్కుల లిస్టు, టీసీ మీద సంతకాలు చకచకా పడేవి. కుల సర్టిఫికెట్ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగేది. ఆయన తలెత్తి మొహంలోకి చూసేవాడు. “ఏ ఊరు మీది? అసలు ఊరు?” అడిగేవాడు. ఒకసారి అసలైనవేనా అని కాగితం వెలుతురుకి పట్టి చూశాడంట. నాన్న ఈ మాట నవ్వుతూనే చెప్పేవాడు. 2013, 14ల నుంచి కేంద్ర ప్రభుత్వం సెల్ఫ్ అటెస్టేషన్ చాలంది. దీన్నెవరూ సామాజిక న్యాయం కింద లెక్కేయరు గానీ, నాకైతే అది చిన్న సంస్కరణ కాదు. నీ కాగితం నీదేనని నువ్వే సంతకం పెట్టొచ్చు అని సర్కారు ఒప్పుకోవడానికి స్వాతంత్ర్యం వచ్చి అరవై ఆరేళ్ళు పట్టింది.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజి కథ కూడా మన జిల్లా దాకా వస్తుంది. ఖాళీలు ఎక్స్‌చేంజికి తప్పనిసరిగా తెలియజేయాలని 1959లో చట్టం వచ్చింది. ఆచరణలో ఎక్స్‌చేంజి పంపిన పేర్లనే పిలిచేవాళ్ళు. పేరు పంపకపోతే అసలు ఖాళీ ఉన్నట్టే తెలియదు. జాబితాలో మన వరస ఎక్కడుందో గుమాస్తాకే తెలియాలి. 1996లో సుప్రీంకోర్టు కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో, ఎక్స్‌చేంజి పేర్లతోపాటు పత్రికల్లో, రేడియో, టీవీల్లో కూడా ప్రకటన ఇవ్వాలి, సొంతంగా దరఖాస్తు పెట్టినవాళ్ళనీ చూడాలి అని తీర్పు చెప్పింది. లా రిపోర్టుల్లో ఆ ఊరు ‘మల్కాపట్నం’ అని అచ్చయింది. జిల్లాలో ఆ పేరుతో ఊరు నేనెరగను, మన మచిలీపట్నమే అయ్యుంటుంది. దేశమంతా ఉదహరించే తీర్పులో మన ఊరి పేరు తప్పు పడింది. తీర్పొచ్చేనాటికి నాన్న కార్డు మీద ఆఖరి ముద్ర గడువు దగ్గరపడింది.

ఇక రెండో గడప. 1950లో ఐఏఎస్‌కి ఎంపికైన మొదటి షెడ్యూల్డ్ కులం అభ్యర్థి అచ్యుతానంద దాస్. రాత పరీక్షలో అతనిదే పైచేయి. ఇంటర్వ్యూలో 300కి 110 వేశారు. అతనికంటే రాతలో వెనకున్న ఎన్. కృష్ణన్‌కి 260 వేశారు. రాసిన కాగితానికి కులం కనపడలేదు, ఎదుట కూర్చున్న మనిషికి కనపడింది. 1981లో అజయ్ హాసియా కేసులో ఇంటర్వ్యూకి 15 శాతం మించి మార్కులు పెట్టడం ఇష్టారాజ్యమేనని సుప్రీంకోర్టు అంది. 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో 12.2 శాతం దాటొద్దంది. ఆ కేసులు వేసింది దళితులు కాకపోయినా, లాభం మనకి కూడా వచ్చింది. 2016 జనవరి నుంచి కేంద్రంలో గ్రూప్ సి, నాన్ గజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలే తీసేశారు. అంతకుముందు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల్ని వేరే రోజునో వేరే పూటో ఇంటర్వ్యూ చేయాలనే సూచన ఉండేది. ఇతరులతో పోల్చకూడదనే మంచి ఉద్దేశం. దాంతో ఏమైందంటే, లోపలికి అడుగుపెట్టకముందే బోర్డుకి కులం తెలిసిపోయేది. మనకి చేసే మేలులో కూడా వేరే పంక్తి వేయడం తప్పదేమో.

ప్రైవేటులో గడి లేదు గదా, అక్కడ కులం అడగరు గదా అంటారు. 2005 అక్టోబరు నుంచి 66 వారాలపాటు సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ పేపర్లో పడిన 548 ప్రకటనలకి 4808 దరఖాస్తులు పంపారు. అర్హతలన్నీ ఒకటే, పేర్లు మాత్రం వేరు. దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే అని తేలింది. ముస్లిం పేరుకి మూడో వంతు. 2007లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల మేనేజర్లతో మాట్లాడారు. వాళ్ళంతా ప్రతిభే చూస్తామంటూనే, కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామన్నారు. మంచి కుటుంబం నుంచి వస్తే మంచి పనివాడంట. గడి పోయింది, ప్రశ్న మిగిలింది. తాత చీటీలో ‘మాట వింటాడు’, నాన్న కాండక్ట్ సర్టిఫికెట్లో ‘ఎరుగుదును’, ఇప్పుడు ‘ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్’.

నా అనుభవం ఒకటి. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ పోస్టుకి పోయాను. పేరు వద్దు. పదిహేను నిమిషాల్లో నా సబ్జెక్టు అడిగింది రెండు నిమిషాలు.

“ఎక్కడ మీది?”

“గుణదలండి.”

“గుణదలంటే ఎక్కడ? కొండ కిందా?”

“అవునండి.”

“ఓహో, క్రిస్టియన్సా. రెడ్డి క్రిస్టియన్సా?”

బయటివాళ్ళకి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. గుంటూరు, కృష్ణా కథోలిక సంఘాల్లో రెడ్లున్నారు, కమ్మలున్నారు, మాల మాదిగలున్నారు. అందుకని జోజి, చిన్నప్ప, లూర్దు అనే పేర్లు మాత్రమే చాలవు. కాదన్నాను. తర్వాత, “నాన్నగారు ఏం చేస్తారు?” అన్నారు. ఆటోనగర్లో లారీ షెడ్డు అన్నాను. “సొంత షెడ్డా?” అన్నాడాయన. ‘కాదండీ, కూలి’ అన్న మాట నా నోట్లోంచి చాలా చిన్న గొంతుతో వచ్చింది. ఉద్యోగం రానందుకు కాదు, ఆ చిన్న గొంతుకి ఇప్పటికీ సిగ్గుపడతాను. పరిశోధన మొదలుపెట్టాక తెలిసింది, ఆ గొంతు నా ఒక్కడిదే కాదని.

మా పేటలో దీనికి విరుగుడు వెతికినవాళ్ళున్నారు. 1980ల చివర ఒక రిటైర్డు బస్ కండక్టరు, పిల్లలంతా కండక్టరు మామ అనేవాళ్ళు, సాయంత్రాలు మా నాన్న తరం కుర్రాళ్ళని కూర్చోబెట్టేవాడు. దరఖాస్తు ఎట్టా నింపాలో ముందు పాత పేపరు మీద పెన్సిల్‌తో రాయించేవాడు. ఇంటిపేరు, పుట్టినతేదీ, తండ్రి పేరు అన్ని కాగితాల్లో ఒకే అక్షరాలతో ఉన్నాయా అని చూసేవాడు. మనోళ్ళలో సగంమంది పుట్టినరోజు హెడ్మాస్టారు వేసిన జూన్ ఒకటి, జూలై ఒకటే. అది తప్పని బోర్డు నవ్వితే ఏం చెప్పాలో కూడా నేర్పేవాడు. అన్నిటికంటే ముఖ్యం కుర్చీ ప్రాక్టీసు. ఎవరింటి నుంచో ఒక చేతుల కుర్చీ తెప్పించి మధ్యలో వేసేవాడు. కుర్రాడు లోపలికి రావాలి, నమస్కారం పెట్టాలి, ‘కూర్చోండి’ అనగానే కూర్చోవాలి. అంతే. వినడానికి ఏముంది? కానీ నాన్న చెప్పాడు, మొదటి వారం ఎవరూ సరిగ్గా కూర్చోలేకపోయారంట. కుర్చీ అంచున కూర్చునేవాళ్ళు. చేతులు వాటంతటవే కట్టుకునేవి. కామందు ఎదురొస్తే మంచం మీద నుంచి లేచి నిలబడిన తాతల ఒళ్ళు అది. కండక్టరు మామ బెత్తంతో మోచేతి మీద తట్టేవాడు. “చేతులు బల్ల మీద పెట్టు. వెనక్కి ఆనుకో. కుర్చీ వాళ్ళబ్బ సొత్తు కాదు, సర్కారుది” అనేవాడు. నాన్న ఏం చేస్తాడంటే, పని పేరు చెప్పాలి, తల దించకూడదు, ఆ తర్వాత ‘అండీ’ తగిలించకూడదు. ఇదీ పాఠం.

ఆ సాయంత్రాల నుంచి ఆర్టీసీకి, రైల్వేకి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి పోయినవాళ్ళున్నారు. ఎంతమంది అని లెక్క కట్టిన రిజిస్టరు లేదు. ఆడపిల్లల్ని మాత్రం అక్కడికి రానివ్వలేదు. మా మేనత్త టైపు హయ్యరు పాసైంది, ఆమె కుర్చీ ప్రాక్టీసు చేసింది ఒంటరిగా అద్దం ముందు. బోర్డు ఆమెని పెళ్ళి ఎప్పుడని మాత్రమే అడిగింది. దళిత సంఘాల చరిత్ర రాసేటప్పుడు ఈ అద్దం కూడా రాయాలి.

మా అన్నయ్య కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. కాలేజీలో సాఫ్ట్ స్కిల్స్ క్లాసులు చెప్తున్నారు. చెయ్యి ఎట్టా కలపాలి, కళ్ళల్లోకి ఎట్టా చూడాలి అన్నీ ఉన్నాయి. ఇంటి గురించి అడిగితే ఏం చెప్పాలో లేదు. తాతయ్య గురించి అడిగితే అని నేను ఆన్‌లైన్ ఫారం నింపిస్తూ అడిగాను. “లారీ బాడీలు కట్టేవాడు, మా కుటుంబంలో మొదటి ఇంజనీరు ఆయనే అని చెప్తా” అంది. నాకంటే గట్టిగానే చెప్పింది. నాన్న పక్కనే ఉన్నాడు, ఫైలు ముడి విప్పి ఆమె మార్కుల లిస్టు నకలు అందులో పెట్టి, మళ్ళీ ముడి వేశాడు. నిన్న రాత్రి చేతుల కుర్చీలో కూర్చుని ఇంకో మాట అడిగింది. “బాబాయ్, ఏ ఊరంటే గుణదల అని చెప్పనా, విజయవాడ అని చెప్పి ఊరుకోనా?” నేను వెంటనే చెప్పలేకపోయాను. కొంతసేపటికి, గుణదల అనే చెప్పమన్నాను. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె ఇంటర్వ్యూ.